సముద్రపు రొయ్యలు పట్టాలన్నా, అమ్మాలన్నా: ఏ లైసెన్సు ముందు, ఏది తరవాత

"బోటు కొన్నాం, ముందు ఏ కాగితం తీయించాలి?" అని విశాఖ, కాకినాడ, నిజాంపట్నం రేవుల నుంచి అడుగుతూనే ఉన్నారు. "రేవులో రొయ్యలు కొని తెచ్చి అమ్ముకుంటే ఏమేం కావాలి?" అని హైదరాబాద్ నుంచి అడుగుతున్నారు. ఇద్దరికీ కలిపి ఒకేచోట రాస్తున్నాను. వేట సంగతులన్నీ ఆంధ్రప్రదేశ్ తీరానివి. అమ్మకం సంగతులు తెలంగాణకూ పనికొస్తాయి.

ఒక్క విషయం పట్టుకుంటే మిగతాది తేలిక. రొయ్య చేయి మారినచోటల్లా దాని గురించి అడిగే శాఖ మారుతుంది. సముద్రంలో మత్స్యశాఖ, జెట్టీ దాటి దుకాణానికి వస్తే ఆహార భద్రత అధికారులు, కాటా దగ్గర తూనికలు కొలతల శాఖ, కంటైనర్ ఎక్కితే ఎంపెడా, అంటే సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ. ఒకరిచ్చిన లైసెన్సు ఇంకొకరి దగ్గర చెల్లదు. ఒకరి కాగితంలో తప్పు దొర్లితే మాత్రం అందరి దగ్గరా పని ఆగుతుంది.

1. మీ పని ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ ఆగుతుందో తేల్చుకోండి

ఈ నాలుగింటిలో మీది ఏదో చూసుకోండి.

- బోటు మీది. రొయ్యలు పట్టి జెట్టీ మీద వేలంలో అమ్మేసి ఇంటికెళ్తారు.
- బోటు లేదు. జెట్టీలో కొని బజారులోనో, ఇంటింటికో, ఫోన్లో ఆర్డర్లు తీసుకునో అమ్ముతారు.
- ఒలిచి, శుభ్రం చేసి, ప్యాకెట్లలో పెట్టి అమ్ముతారు.
- విదేశాలకు పంపుతారు.

మొదటి రకం వారికి ఒక వెసులుబాటు ఉంది. 2006 ఆహార భద్రత చట్టం సెక్షన్ 18లోని మూడో ఉపవిభాగం ప్రకారం, మత్స్యకారుడు తన వేట పనిలో ఉన్నంతవరకు ఆ చట్టం అతనికి వర్తించదు. తాను పట్టిన సరుకును జెట్టీ మీద అమ్ముకునే వ్యక్తికి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ) లైసెన్సు అక్కర్లేదు. పక్క బోటు సరుకు కూడా కొని, కలిపి, దుకాణం పెడితే ఆ క్షణం నుంచి ఆయన వ్యాపారి. ఈ గీత తెలియక అక్కర్లేనివాళ్లు డబ్బు కడుతున్నారు, కావలసినవాళ్లు తప్పించుకు తిరుగుతున్నారు.

చెరువు రొయ్యల దారి పూర్తిగా వేరు. పోటు నీరు చేరే గీత (హై టైడ్ లైన్) నుంచి 2 కిలోమీటర్ల లోపు ఉప్పునీటి చెరువులకు 2005 నాటి కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం ఉంది, రాష్ట్రంలో ఆక్వా వ్యాపారాలకు 2020 నాటి అప్సడా (రాష్ట్ర ఆక్వాకల్చర్ అభివృద్ధి సంస్థ) చట్టం ఉంది. వెనామీ (చెరువుల్లో పెంచే రొయ్య) రైతులు ఇందులో ఆరో మెట్టు నుంచి చదివితే చాలు.

2. దరఖాస్తుకు ముందే కాగితాలన్నీ ఒక్క పేరు మీదికి తెచ్చుకోండి

మొత్తం పనిలో ఎక్కువ రోజులు తినేది ఈ మెట్టే. ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరం, బ్యాంకు పుస్తకంలో పూర్తి ఇంటిపేరు, బోటు కొన్న పత్రంలో ఊళ్లో పిలిచే పేరు. మనిషి ఒక్కడే, కంప్యూటర్‌కు మాత్రం ముగ్గురు. రిజిస్ట్రేషన్ ఒక పేరు మీద, బ్యాంకు ఖాతా ఇంకో పేరు మీద ఉంటే డీజిల్ రాయితీ దగ్గర, వేట నిషేధ భృతి దగ్గర, బీమా దగ్గర వరుసగా మూడుసార్లు ఇబ్బంది పడతారు.

అందుకే ముందు ఆధార్ సరిచేయించండి. మిగతావన్నీ దాని ప్రకారం మార్చుకోండి. ఇద్దరు ముగ్గురు కలిసి బోటు కొంటే వాటాల ఒప్పందం స్టాంపు కాగితం మీద రాసుకుని, రిజిస్ట్రేషన్‌లో ఎవరి పేర్లు ఉండాలో అప్పుడే తేల్చుకోండి. అన్నదమ్ములైనా సరే.

బోటు వాళ్లు సిద్ధం చేసుకోవలసినవి:

- యజమాని ఆధార్, ఫొటో, బ్యాంకు ఖాతా, ఆధార్‌తో ముడిపడిన ఫోన్ నంబరు
- మత్స్యకార సహకార సంఘం సభ్యత్వం ఉంటే దాని కాగితం
- కొత్త బోటైతే కట్టిన యార్డు ఇచ్చిన ధ్రువపత్రం, కొలతలు
- పాత బోటైతే అమ్మకపు పత్రం, పాత రిజిస్ట్రేషన్, పాత యజమాని సంతకం చేసిన బదిలీ కాగితం
- ఇంజన్ బిల్లు, అందులో ఇంజన్ నంబరు
- అప్పు మీద కొంటే బ్యాంకు ఇచ్చిన లేఖ
- బోటు ఫొటోలు: ముందు నుంచి, పక్క నుంచి, ఇంజన్ గది

ఇంజన్ నంబరు గురించి ఒక మాట. చెక్కిన అంకెల మీద గ్రీజు, తుప్పు పేరుకుని ఉంటాయి. డీజిల్ తడిపిన గుడ్డతో తుడిచి, టార్చి వెలుగు పక్కవాటుగా పడేలా పట్టుకుంటే అంకెలు తేలి కనబడతాయి. అప్పుడు ఫొటో తీయండి. బిల్లు చూసి నంబరు ఎక్కించి, తీరా తనిఖీ రోజున ఇంజన్ మీద వేరే అంకె కనబడితే దరఖాస్తు వెనక్కి వస్తుంది. పాత బోట్లలో ఇంజన్ మారి ఉండటం మామూలే. మారితే మార్చిన బిల్లు కూడా పెట్టాలి.

3. బోటు రిజిస్ట్రేషన్

రిజిస్ట్రేషన్, లైసెన్సు రెండూ ఒకటే అనుకుంటారు చాలామంది. లారీకి ఆర్సీ, పర్మిట్ వేరువేరుగా ఉన్నట్టే ఇవీ వేరు. రిజిస్ట్రేషన్ ఈ బోటు ఎవరిదో చెబుతుంది. లైసెన్సు దీంతో ఎక్కడ, ఏ వలతో వేటాడొచ్చో చెబుతుంది. రిజిస్ట్రేషన్ లేనిదే లైసెన్సు రాదు.

వరుస ఇలా ఉంటుంది.

ఒకటి: కొత్త బోటు కట్టించదలిస్తే యార్డుకు అడ్వాన్సు ఇవ్వకముందే మత్స్యశాఖ ఏడీ (అసిస్టెంట్ డైరెక్టర్) కార్యాలయంలో అడిగి, అనుమతి మాట కాగితం మీద తీసుకోండి. కట్టాక అడిగితే బేరం మీ చేతిలో ఉండదు.

రెండు: కేంద్రం నడిపే రియల్‌క్రాఫ్ట్ పోర్టల్లో దరఖాస్తు. దేశంలో చేపల పడవల రిజిస్ట్రేషన్, లైసెన్సు రెండూ దీని మీదే నడుస్తాయి. సొంతంగా చేయలేకపోతే సచివాలయంలోని గ్రామ మత్స్య సహాయకుణ్ని, లేదా మత్స్యకారులకు సాయపడేందుకు మీ ఊళ్లో నియమించిన సాగరమిత్రను అడగండి. యూజర్ పేరు, పాస్‌వర్డ్ మాత్రం మీ పుస్తకంలో రాసుకోండి. దరఖాస్తు వేసిన కుర్రాడి ఫోన్ నంబరుతో ఖాతా తెరిస్తే వచ్చే ఏడాది అతని కోసం ఊరంతా వెతకాలి.

మూడు: తనిఖీ. అధికారి వచ్చి బోటు పొడవు, వెడల్పు, లోతు కొలుస్తారు, ఇంజన్ నంబరు చూస్తారు. బోటు ఒడ్డున ఉన్న రోజుకే తనిఖీ అడగండి. వేట నిషేధం రోజులు (ఏప్రిల్ 15 నుంచి జూన్ 14) దీనికి అన్నిటికన్నా అనువు. బోట్లన్నీ జెట్టీలోనే కట్టి ఉంటాయి, బోటు నడిపే సరంగు కూడా ఊళ్లోనే ఉంటాడు.

నాలుగు: నంబరు వచ్చాక రాయించడం. ఐఎన్‌డీ, ఏపీ అక్షరాల తర్వాత ప్రాంతపు కోడ్, ఆపైన మెకనైజ్డ్ బోటుకు (వల లాగడమూ యంత్రంతోనే) ఎంఎం, మోటరు పడవకు (ఇంజన్ నడపడానికే) ఎంఓ, చివర అంకెలు ఉంటాయి. ముందు భాగంలో రెండు వైపులా, దూరం నుంచి చదవగలిగేంత పెద్దగా రాయించండి. ఉప్పునీటికి, జెట్టీ రాపిడికి మొదట చెరిగేది చివరి అంకే. ఒకటి ఏడులా, మూడు ఎనిమిదిలా కనబడినప్పుడు కోస్ట్‌గార్డ్ వాళ్లు బోటు ఆపితే తప్పు వాళ్లది కాదు. ఏటా నిషేధంలో రంగు వేయించేటప్పుడే నంబరూ మళ్లీ రాయించండి.

తమిళనాడు నుంచో, ఒడిశా నుంచో సెకండ్‌హ్యాండ్ బోటు తెస్తున్నారా? అక్కడి రిజిస్ట్రేషన్ రద్దయినట్టు, అభ్యంతరం లేనట్టు కాగితం చేతికొచ్చాకే చివరి విడత డబ్బు ఇవ్వండి. అదిస్తాను ఇదిస్తాను అన్న మాట మీద బోటు తెచ్చుకుని, రెండు రాష్ట్రాల మధ్య ఇరుక్కున్నవాళ్లు ప్రతి హార్బర్లోనూ కనబడతారు.

4. వేట లైసెన్సు, దానితో వచ్చే హద్దులు

ఇది 1994 నాటి ఆంధ్రప్రదేశ్ సముద్ర మత్స్య క్రమబద్ధీకరణ చట్టం కింద ఇస్తారు. దరఖాస్తు అదే పోర్టల్లో. రిజిస్ట్రేషన్ నంబరు, వల రకం, ఏ రేవు నుంచి బయల్దేరతారో రాయాలి. వల రకం దగ్గర ఉన్నది ఉన్నట్టు రాయండి. రొయ్యల కోసం ట్రాల్ వల (బోటు వెనక లాక్కెళ్లే సంచి వల) లాగేవాళ్లు "ఏదో ఒకటి" అని ఇంకో వల పేరు రాయించుకుంటే, సముద్రంలో పట్టుబడిన రోజున ఆ లైసెన్సు వాళ్లకే ఎదురు సాక్ష్యం చెబుతుంది.

తీరం నుంచి 8 కిలోమీటర్లు: ఇది సంప్రదాయ పడవల, తెప్పల భాగం. మెకనైజ్డ్ బోటు దీన్ని దాటాకే వల దించాలి. రొయ్య ఒడ్డుకు దగ్గరగా దొరుకుతుంది కాబట్టి ఈ నియమాన్నే అన్నిటికన్నా ఎక్కువగా మీరుతారు. బోటువాళ్లకు, తెప్పవాళ్లకు మధ్య వచ్చే గొడవల్లో చాలావాటికి మూలం ఇక్కడే. తెప్పవాడి వల తెగితే కేసు మత్స్యశాఖతో ఆగదు, ఊళ్ల మధ్య పంచాయితీ అవుతుంది. సరంగు చేతిలో జీపీఎస్ పెట్టి, ఆ గీత అందులో గుర్తు పెట్టించండి.

వల కన్ను: 15 మిల్లీమీటర్ల కంటే చిన్న కన్ను వల వాడకూడదు. కన్నును లాగిపట్టి ఒక ముడి నుంచి ఎదురు ముడి దాకా కొలవండి. వల చివర కట్టే సంచి కొత్తది కొన్నప్పుడు దుకాణంలోనే కొలిచి చూసుకుంటే మేలు.

టెడ్: రొయ్యల ట్రాల్ వలకు తాబేళ్లు బయటపడే పరికరం తప్పనిసరి. వలకూ సంచికీ మధ్య ఏటవాలుగా నిలబెట్టే కడ్డీల చట్రం ఇది. రొయ్యలు కడ్డీల సందుల్లోంచి సంచిలోకి పోతాయి, తాబేలు చట్రానికి తగిలి మూత దగ్గర బయటపడుతుంది. ఆలివ్ రిడ్లీ తాబేలు వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉంది.

"రొయ్య కూడా ఆ మూతలోంచే పోతుంది" అని దారంతో కుట్టేసేవాళ్లున్నారు. కుట్టిన మూత తనిఖీలో చూడగానే తెలిసిపోతుంది, టెడ్ లేనట్టే లెక్క. రొయ్య నిజంగానే పోతుంటే కారణాలు రెండు: చట్రం వాలు సరిగా లేకపోవడం, మూత వల సాగిపోయి వదులవడం. సముద్రపు రొయ్యలు కొనడానికి అమెరికా అడిగే కొలత ప్రకారం కడ్డీల మధ్య సందు 4 అంగుళాలు మించకూడదు, వాలు 30 నుంచి 55 డిగ్రీల మధ్య ఉండాలి. కొచ్చిలోని కేంద్రీయ మత్స్య సాంకేతిక సంస్థ మన బోట్లకు తగ్గట్టు టెడ్‌లను రూపొందించింది. విశాఖలోనూ ఆ సంస్థ కేంద్రం ఉంది. కుట్టుదారం వెతికే ముందు అక్కడ అడగండి.

వేట నిషేధం: తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు. మెకనైజ్డ్, మోటరు పడవలకు వర్తిస్తుంది. తెడ్డుతో, తెరచాపతో నడిచే పడవలకు లేదు. నిషేధంలో పట్టుబడితే బోటు, సరుకు స్వాధీనం చేసుకుంటారు, డీజిల్ రాయితీ కూడా ఆపేస్తారు. 2025 నుంచి నిషేధ భృతి కుటుంబానికి 20,000 రూపాయలు. ఇది రావాలంటే నిషేధం మొదలయ్యాక జరిగే సర్వేలో బోటు ఒడ్డున కనబడాలి, బోటు మీద పనిచేసే కలాసీల పేర్లు దాని కింద నమోదై ఉండాలి. కలాసీ మారితే పేరు కూడా మార్పించండి. పాత కలాసీ పేరు మీద డబ్బు పడి, కొత్తవాడు మీ గుమ్మం ముందు నిలబడటం మీకూ బాగుండదు.

12 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 22 కిలోమీటర్లు దాటితే కేంద్రం పరిధి. 2025 నవంబరులో వచ్చిన ప్రత్యేక ఆర్థిక మండలి (ఈఈజెడ్, మన దేశానికి హక్కున్న సముద్రభాగం) నిబంధనల ప్రకారం అక్కడ వేటాడే మెకనైజ్డ్ బోట్లు, పెద్ద మోటరు బోట్లు యాక్సెస్ పాస్ తీసుకోవాలి. రియల్‌క్రాఫ్ట్‌లోనే ఉచితంగా ఇస్తారు. చిన్న మోటరు పడవలకు, ఇంజన్ లేని పడవలకు అక్కర్లేదు. ఎల్‌ఈడీ లైట్ల వేట, రెండు బోట్లు కలిసి ఒకే వల లాగడం అక్కడ నిషేధం.

5. రేవు వదిలే ముందు

కాగితాలు ఇంట్లో బీరువాలో ఉంటే సముద్రంలో ఉన్నవాళ్లకు పనికిరావు. అసలు రిజిస్ట్రేషన్, లైసెన్సు బోటు మీదే, నీళ్లు దూరని మూత డబ్బాలో ఉండాలి. ఫొటోలు యజమాని ఫోన్లోనూ, సరంగు ఫోన్లోనూ పెట్టుకోండి.

- రిజిస్ట్రేషన్, లైసెన్సు, అవసరమైతే యాక్సెస్ పాస్, బీమా
- ప్రతి కలాసీ ఆధార్ లేదా మత్స్యకార గుర్తింపు కార్డు
- తలకొక లైఫ్ జాకెట్. లెక్కకు పదిమందికి ఆరు కాదు
- వీహెచ్ఎఫ్ రేడియో సెట్టు, బోటు ఎక్కడుందో ఒడ్డుకు తెలిపే, పనిచేస్తున్న ట్రాన్స్‌పాండర్
- టెడ్ అమర్చిన వల, మూత కుట్టకుండా
- కోస్ట్‌గార్డ్ 1554, తీర భద్రత పోలీసు 1093 నంబర్లు క్యాబిన్ గోడ మీద పెయింటుతో

మత్స్య సంపద యోజన కింద ఇస్రో తయారుచేసిన ట్రాన్స్‌పాండర్లు బోట్లకు ఉచితంగా బిగిస్తున్నారు. నభ్‌మిత్ర అనే యాప్‌తో కలిసి పనిచేస్తుంది. బ్యాటరీ మిగులుతుందని దాన్ని తీసి పక్కన పెట్టొద్దు. తెలియకుండా ఇంకో దేశం నీళ్లలోకి వెళ్లి నెలల తరబడి జైల్లో ఉన్న మన ఉత్తరాంధ్ర మత్స్యకారుల కథలు మీకు కొత్త కాదు.

అదే యోజన కింద ప్రమాద బీమాకు మత్స్యకారుడు ప్రీమియం కట్టనక్కర్లేదు. మరణానికి, శాశ్వత పూర్తి వైకల్యానికి 5 లక్షలు, శాశ్వత పాక్షిక వైకల్యానికి 2.5 లక్షలు, ఆసుపత్రి ఖర్చుకు 25,000. పేరు నమోదు అయి ఉండాలంతే. నామినీ పేరు ఆధార్ ప్రకారం ఉందో లేదో ఒకసారి చూసుకోండి.

6. జెట్టీ మీద: మొదటి చేయి మారేచోటు

ఇక్కడ లైసెన్సు కన్నా చీటీ ముఖ్యం. బోటు నంబరు, దించిన తేదీ, రొయ్య రకం, కౌంటు (కిలోకు ఎన్ని), బరువు, కొన్నవాడి పేరు. ఈ ఆరు ముక్కలు వేలం చీటీలో ఉంటే రేపు ఎగుమతిదారు అడిగినా, ఆహార భద్రత అధికారి అడిగినా జవాబు ఉంటుంది. కమీషన్ ఏజెంటు పుస్తకంలో రాసుకుంటాడు కదా అని వదలొద్దు. నకలు మీ దగ్గర ఉండాలి.

ఐసు: రొయ్య బరువుకు సమానంగా ఐసు, పొర మీద పొర. ఐసు దిమ్మ నీలంగా కనబడితే కొనొద్దు. తినడానికి పనికిరాని ఐసులో గుర్తు కోసం ఆ రంగు కలపాలని 2018లో నియమం తెచ్చారు. దాని మీద రొయ్యలు పోస్తే సరుకు మొత్తం పారబోయించవచ్చు.

నల్ల మచ్చలు రాకుండా సోడియం మెటాబైసల్ఫైట్ వాడతారు. పచ్చి రొయ్య మాంసంలో సల్ఫర్ డయాక్సైడ్ కిలోకు 100 మిల్లీగ్రాములు మించకూడదని అంతర్జాతీయ ప్రమాణం. చేత్తో చల్లితే కొలత ఉండదు. తూచిన పొడిని కొలిచిన నీళ్లలో కలిపి, సమయం చూసి ముంచి తీయాలి. ఉబ్బసం ఉన్నవాళ్లకు ఇది తేడా చేస్తుంది కాబట్టి తేలిగ్గా తీసుకోవలసింది కాదు. ఫార్మాలిన్ అయితే అసలు కలపకూడదు. దాన్ని, అమ్మోనియాను పట్టే పరీక్ష పట్టీల కిట్టు అదే మత్స్య సాంకేతిక సంస్థ తయారుచేసింది. పెద్దమొత్తంలో కొనేవాళ్లు ఒకటి దగ్గర పెట్టుకోవచ్చు.

వలలో పడినా అమ్మకూడనివి కొన్ని ఉన్నాయి. తిమింగల సొర, సముద్ర దోసకాయ, సముద్ర గుర్రం, తాబేలు లాంటివి. ఇవి మత్స్యశాఖ జరిమానాతో పోవు, అటవీశాఖ కేసవుతుంది.

7. అమ్మే లైసెన్సు

కొని అమ్మేవాళ్లందరికీ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ కావాలి. దుకాణం ఉన్నా, తోపుడు బండైనా, గంప నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగినా, వాట్సాప్‌లో ఆర్డర్లు తీసుకున్నా సరే. చిన్నవాళ్లకు రిజిస్ట్రేషన్, మధ్య స్థాయికి రాష్ట్ర లైసెన్సు, పెద్దవాళ్లకు కేంద్ర లైసెన్సు. 2011 నిబంధనల్లో మొదటి గీత ఏడాదికి 12 లక్షల వ్యాపారం దగ్గర, రెండోది చిల్లర వ్యాపారులకు 20 కోట్ల దగ్గర పెట్టారు. ఈ గీతలు సవరిస్తుంటారు కాబట్టి దరఖాస్తు రోజున ఫాస్కోస్ పోర్టల్లో (ఆహార లైసెన్సుల ప్రభుత్వ సైటు) చూసి ఎంచుకోండి. వ్యాపారం అంటే లాభం కాదు, మొత్తం అమ్మకం. రోజుకు పదివేల రూపాయల రొయ్యలు అమ్మేవాడికి ఏడాదికి 36 లక్షలు దాటుతుంది. "మాది చిన్న కొట్టేనండీ" అనేవాళ్లు ముందు ఈ లెక్క వేసుకోవాలి.

వరుస:

- ఫాస్కోస్ ప్రభుత్వ పోర్టల్లోనే ఖాతా తెరవండి. వెతికితే పైన వచ్చే ప్రైవేటు సైట్లు అచ్చం అలాగే ఉంటాయి, నాలుగు రెట్లు గుంజుతాయి. 2011 నిబంధనల్లో చిన్న రిజిస్ట్రేషన్ ఫీజు ఏడాదికి 100 రూపాయలే.
- వ్యాపార రకం సరిగా ఎంచుకోండి: చిల్లర, టోకు, నిల్వ, రవాణా, తయారీ. ఒకటికి మించి ఉంటే అన్నీ చెప్పాలి. సొంత ఇన్సులేటెడ్ వ్యానులో విశాఖ నుంచి హైదరాబాద్ తెస్తుంటే రవాణా మర్చిపోవద్దు.
- ఫొటో, గుర్తింపు, దుకాణం అద్దె పత్రం లేదా పన్ను రసీదు పెట్టండి. తయారీ అయితే గది ప్లాన్, నీటి పరీక్ష నివేదిక కూడా అడుగుతారు.
- 14 అంకెల నంబరు రాగానే గోడకు తగిలించండి, బిల్లు మీద అచ్చు వేయించండి. 2022 జనవరి నుంచి బిల్లు మీద తప్పనిసరి.

రెండు ఊళ్లలో రెండు దుకాణాలుంటే రెండు లైసెన్సులు. రెండు రాష్ట్రాల్లో ఉంటే ప్రధాన కార్యాలయానికి కేంద్ర లైసెన్సు అదనం.

కౌంటరు దగ్గర కొనేవారి ముందు ఒలిచివ్వడం చిల్లర వ్యాపారమే. ముందే ఒలిచి, నరం తీసి, పేరు వేసిన ప్యాకెట్లలో పెడితే తయారీ కిందికి వస్తుంది. అప్పుడు లేబుల్ నియమాలన్నీ వర్తిస్తాయి: పేరు, తేదీ, ధర, లైసెన్సు నంబరు, నికర బరువు. రొయ్య మీద గడ్డకట్టించిన నీటిపొర బరువు నికర బరువులోకి రాదు. 500 గ్రాములని రాసి, కరిగించాక 380 తేలితే అది తూనికల శాఖ కేసు.

దీనితో పాటు మున్సిపాలిటీ లేదా పంచాయతీ వ్యాపార లైసెన్సు కావాలి. హైదరాబాద్‌లో అయితే జీహెచ్ఎంసీది. వీధిలో అమ్మే అక్కలకు 2014 వీధి వ్యాపారుల చట్టం కింద గుర్తింపు పత్రం ఉంటుంది. పట్టణ వెండింగ్ కమిటీ సర్వేలో పేరు రాయించుకోండి. స్వనిధి రుణానికీ, చోటు ఖాళీ చేయమన్నప్పుడు మాట్లాడటానికీ అదే ఆధారం.

ఎలక్ట్రానిక్ కాటాకు ఏటా తూనికల శాఖ ముద్ర వేయించాలి. ఉప్పునీళ్ల మధ్య ఉండే కాటా తొందరగా తప్పుతుంది, ముద్ర గడువు ఉన్నా నెలకోసారి తెలిసిన తూకంరాయితో చూసుకోండి.

తాజా, ఐసులో పెట్టిన రొయ్యలకు జీఎస్టీ లేదు. కేవలం అవే అమ్మేవాళ్లకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ కూడా అక్కర్లేదు. గడ్డకట్టించి, పేరేసిన ప్యాకెట్లలో అమ్మితే 5 శాతం పడుతుంది. దానికి పన్ను సలహాదారును అడగడమే మంచిది.

8. ఎగుమతి వైపు చూసేవాళ్లకు

బోటు యజమాని స్వయంగా ఎగుమతి చేయడం అరుదు. అయినా ఎగుమతిదారు మంచి ధర ఇచ్చేది కాగితాలున్న బోటుకే. యూరప్‌కు పోయే సముద్రపు సరుకుకు 2010 నుంచి క్యాచ్ సర్టిఫికెట్ (చట్టబద్ధంగా పట్టినదేనన్న ధ్రువపత్రం) కావాలి. మన దగ్గర ఎంపెడా ఇస్తుంది, దానికి బోటు రిజిస్ట్రేషన్, దించిన వివరాలు అడుగుతారు. మీ ఎంఎం నంబరు, వేలం చీటీ అక్కడ అక్కరకొస్తాయి.

ఎగుమతిదారుకు ఐఈసీ కోడ్ (ఎగుమతి దిగుమతులకు కేంద్రం ఇచ్చే నంబరు), ఎంపెడా నమోదు, ఎక్స్‌పోర్ట్ ఇన్‌స్పెక్షన్ ఏజెన్సీ ఆమోదించిన ప్లాంటు, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ కేంద్ర లైసెన్సు కావాలి. సొంత ప్లాంటు లేకపోతే ఆమోదం ఉన్న ప్లాంటుతో ఒప్పందం చేసుకుని వ్యాపార ఎగుమతిదారుగా మొదలుపెట్టొచ్చు. అమెరికాకు వెళ్లే ప్రతి రొయ్యల సరుకుతో డీఎస్-2031 ఫారం (తాబేళ్లకు హాని లేకుండా వచ్చిన రొయ్యలని ఇచ్చే ప్రకటన) వెళ్లాలి. టెడ్ కారణంగా 2019లో మన సముద్రపు రొయ్యలను అమెరికా ఆపింది, చెరువు రొయ్యలకు ఆ ఆటంకం లేదు. కాబట్టి సముద్రపు రొయ్యనూ చెరువు రొయ్యనూ ఒకే లాట్‌లో కలపకండి. కలిపారని తేలితే ఆ ఒక్క కంటైనరే కాదు, మీ పేరే పోతుంది.

9. తరచూ జరిగే తప్పులు, దిద్దుబాటు

బోటు అమ్మేశారు, పేరు మార్చలేదు. కొత్త యజమాని నిషేధంలో పట్టుబడితే నోటీసు మీకే వస్తుంది. అమ్మిన రోజే బదిలీ దరఖాస్తు వేయండి. ఆలస్యమైతే అమ్మిన తేదీతో మత్స్యశాఖకు లేఖ ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి.

ఇంజన్ మార్చారు, ఎవరికీ చెప్పలేదు. ప్రమాదం జరిగాక బీమావాళ్లు మొదట చూసేది ఆ నంబరే. మార్చిన వారంలోపు రిజిస్ట్రేషన్‌లో ఎక్కించండి.

లైసెన్సు గడువు సముద్రంలో ఉండగా ముగిసింది. ఒక పాత క్యాలెండరులో రిజిస్ట్రేషన్, వేట లైసెన్సు, బీమా, కాటా ముద్ర, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఫీజు తేదీలన్నీ రెండు నెలల ముందుకు జరిపి రాసి, ఇంట్లో చదివేవాళ్ల చేతికివ్వండి. వేటకెళ్లినవాడికి తేదీలు గుర్తుండవు.

దుకాణం చిరునామా మారింది, పాత లైసెన్సుతోనే నడుస్తోంది. లైసెన్సు మనిషికి కాదు, ఆ చోటికి. మార్పు దరఖాస్తు అదే పోర్టల్లో ఉంటుంది.

తనిఖీలో లోపాలు రాసి నోటీసు ఇచ్చారు. గడువులోపు సరిచేసి, ఫొటోలతో జవాబు రాతపూర్వకంగా ఇవ్వండి. దుకాణాల్లో ఎక్కువగా రాసేవి చిన్నవే: ట్రేల కింద మురికి నీరు నిలవడం, తుప్పు కత్తి, చెక్క మొద్దు మీద కోయడం, మూతలేని చెత్తబుట్ట. ట్రేలను నేల మీద కాకుండా స్టాండు మీద, కాస్త వాలుగా పెట్టి కింద గొట్టం బిగిస్తే కరిగిన ఐసు నీరు రొయ్యలను ముంచదు, నేలా పొడిగా ఉంటుంది.

ఏజెంటు "అన్నీ నేను చూసుకుంటా" అని అసలు కాగితాలు తీసుకెళ్లాడు. అసలు ఎవరికీ ఇవ్వొద్దు, నకళ్లు చాలు. ఇచ్చేసి ఉంటే దరఖాస్తు నంబరు అడిగి పోర్టల్లో మీరే చూడండి. నంబరు చెప్పలేకపోతే అతను దరఖాస్తే వేయలేదన్నమాట. ఏడీ కార్యాలయానికి వెళ్లి మొదటి నుంచి మొదలుపెట్టండి.